నాలుగు రాళ్లు

విరూపాక్షయ్యగారి ఆశ్రమంలో సన్మాన పత్రాలు రాసే పని నాగలింగానిది. ఎవరికి ఏ బిరుదు తగిలించాలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అలాంటివాడు ఆ ఉదయం తెల్ల కాగితం పట్టుకుని గురువుగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. మర్నాడు మంత్రి పెంచలపతి వస్తున్నాడు. ఆశ్రమ పాఠశాలకు కొత్త గదులు కట్టిస్తానన్నాడు, శంకుస్థాపన కూడా తన చేత్తోనే చేస్తాడట. పత్రం నచ్చకపోతే ఇక గదుల సంగతి అంతే. వానొస్తే పిల్లలు పుస్తకాలు ఒళ్లో దాచుకుని గోడవారగా నిలబడడం నాగలింగం ఏళ్లుగా చూస్తున్నాడు.

"ఉన్నది రాస్తే ఆయనకు కోపమొస్తుంది. లేనిది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఏం రాయమంటారు స్వామీ?"

గురువుగారు లేచారు. చేతికర్ర తీసుకుని, మంత్రి సొంతూరు చూసొద్దాం రమ్మన్నారు.

ఆ ఊరికి అడ్డంగా వంక పారుతోంది. దాని మీద వంతెన కట్టిస్తానన్న మాట మీదే పెంచలపతి ఇరవై ఏళ్లుగా గెలుస్తున్నాడు. వంతెన లేదు. మోకాలిలోతు నీళ్లలో నాలుగు నల్లరాతి పలకలు వరసగా పరిచి ఉన్నాయి. వాటిమీద అడుగులేసుకుంటూ పుల్లక్క అనే ముసలామె గడ్డిమోపుతో వస్తోంది. ఈ రాళ్లెక్కడివని నాగలింగం అడిగితే, ఒడ్డున మోపు దించి ఒక్కొక్కటే చూపించింది.

"ఇది సర్పంచి రాయి సామీ. ఇది ఎమ్మెల్యే రాయి. అది పార్టీ మారిన రాయి. ఆ చివరది మంత్రి రాయి. పేరుండే పక్క నున్నగా ఉంటాది, కాలు జారతాదని బోర్లా ఏసినాం."

పదవో పార్టీయో మారినప్పుడల్లా ఒక కొబ్బరికాయ, ఒక కొత్త శిలాఫలకం. నాయకుడన్నాక నాలుగు రాళ్లు వెనకేసుకుంటాడు, సరే. కన్న ఊరికి కూడా సరిగ్గా నాలుగే వేశాడు. నాగలింగానికి ఒళ్లు మండిపోయింది.

మంత్రి రాయికీ అవతలి గట్టుకూ మధ్య ఒక రాయంత ఖాళీ ఉంది. పోయిన వానాకాలం నెలలు నిండిన తన కోడలు అక్కడే కొట్టుకుపోయిందని పుల్లక్క చెప్పింది. చెబుతూ ఏడవలేదు. వీళ్లు ఆశ్రమం నుంచి వచ్చారని తెలిసి మాత్రం చేతులు జోడించింది.

"రేపు మీ కాడ గూడా రాయి ఏస్తాడంట గదా. ఆ గదులు యెట్టాగూ లేసేవి కాదు. ఆ రాయి మాకియ్యండి సామీ. ఇంగొక్కటుంటే గట్టు అందుతాది."

తిరుగుదారిలో నాగలింగం కోపంతో ఊగిపోయాడు. పత్రమూ వద్దు, గదులూ వద్దు, రేపు నలుగురిలో నిలదీస్తానన్నాడు. ఆశ్రమం గుమ్మం ముందు పిల్లల్ని చూశాక గొంతు తగ్గింది. ఇంతకీ ఏం రాయమంటారని మళ్లీ అడిగాడు.

అతని గుప్పిట్లో నలిగిన కాగితాన్ని గురువుగారు తీసుకుని, సాపు చేసి తిరిగి చేతికిచ్చారు.

"ఇరవై ఏళ్లలో ఆయన సొంతూరికి ఏమిచ్చాడో చూశావుగా నాయనా. అదే రాయి."