దొన్ను జీపుకి మూడు అలవాట్లు

కొండకి రోడ్డు కొత్త, రోడ్డుకి బండి కొత్త అయిన రోజుల్లో, కొండ మీద ముంతమామిడి అని ఒక ఊరు. ఊరంటే పెద్ద ఊరేం కాదు, పాతిక గుమ్మాలు. ఆ పాతిక గుమ్మాల్లో ఆఖరి గుమ్మం వంతల దొన్నుది.

ఈ కథ వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టనివాళ్ల బండి ఘాటీ మధ్యలో ఆగిపోతుందని మా వైపు మాట. మాకు బండి లేదంటారా? రేపు కొంటారు. ఇవాళే కొట్టేయండి.

దొన్ను పొట్టిగా ఉంటాడు. మాట తక్కువ. ఘాటీ రోడ్డు వేసేటప్పుడు కంట్రాక్టరు దగ్గర రాళ్లు కొట్టాడు. రాళ్లు కొట్టిన చేత్తోనే లారీ డ్రైవర్లకి పానాలు అందించాడు. అందిస్తూ అందిస్తూ బానెట్ కింద ఏముందో చూసి పెట్టుకున్నాడు, నడపడం కూడా నేర్చుకున్నాడు. అతని చదువు అంతే. ఆస్తి అంటారా, ఒక చెక్క మెట్ట పొలం, ఒక జత ఎడ్లు. పెళ్లాం పేరు సన్నెమ్మ.

రోడ్డైతే వేశారు గానీ దాని మీదకి బస్సు రాలేదు. జబ్బు చేసినా, నొప్పులొచ్చినా డోలీయే గతి. కర్రకి దుప్పటి కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ఇద్దరు భుజాన వేసుకుని ఘాటీలో ఉన్న మూడు మలుపులూ దిగాలి. సన్నెమ్మ తొలి కాన్పుకి అలాగే దించారు. ముందు భుజం దొన్నుది. జోరు వాన. మూడో మలుపు దగ్గర డోలీ పడిపోయింది. సన్నెమ్మ బతికింది, లోపలి బిడ్డ దక్కలేదు. వాన ఎంత పని చేసిందని ఊరంతా వానని తిట్టుకుంది. దొన్ను మాత్రం వానని ఒక్క మాట అనలేదు.

రెండేళ్లకి సన్నెమ్మ మళ్లీ నీళ్లోసుకుంది. లెక్క చూసుకుంటే కాన్పు సరిగ్గా తొలకరికి వస్తోంది. దొన్నుకి కంటి మీద కునుకు లేదు. ఈసారి డోలీ ఎక్కించకూడదు అనుకున్నాడు. అనుకుని కొండ దిగాడు.

దిగువన బెల్లం వర్తకుడు అప్పలకొండ పెరట్లో ఒక జీపు పడి ఉంది. ఎప్పటిదో యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్లు వేలం వేసిన జీపు. మూడు చేతులు మారి అక్కడ చేరింది. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. స్టీరింగు మీదుగా పొట్లపాదు పాకింది.

"ఎడ్లు తీసుకుని ఈ బండి ఇత్తావేటి బావూ?" అన్నాడు దొన్ను.

"ఇత్తాను. బంగారం లాంటి బండి. పట్టుకుపో," అన్నాడు అప్పలకొండ, ఎడ్ల మూపురాల మీంచి చూపు తిప్పకుండా.

ఎడ్లని ఒప్పజెప్పే ముందు వాటిచేతనే జీపుని ఘాటీ మొదటికి లాగించాడు దొన్ను. నడిచే ఎడ్లిచ్చి నడవని ఇనుము తెచ్చుకున్నాడని సంతకొచ్చిన జనం పడీ పడీ నవ్వారు. పొలం దున్నడానికి పెళ్లాన్ని కడతాడా అన్నారు. దొన్ను తన పని చూసుకున్నాడు.

అక్కడి సంత మైదానం పక్కన తాటాకు పాక వేశాడు. రోజూ పొద్దున్నే దిగడం, పొద్దుగూకే వేళకి ఎక్కడం. మట్టి తీశాడు, తుప్పు గీకాడు, ఇంజను విప్పి ఒక్కో ముక్కా కిరసనాయిలుతో కడిగాడు. పగిలిన గొట్టానికి సైకిలు ట్యూబు చుట్టాడు. వాషరు దొరక్కపోతే పాత చెప్పు తోలు కోసి పెట్టాడు. సీటులో ఎండుగడ్డి కూరి గోనెగుడ్డ కుట్టాడు. కోళ్లకి మాత్రం ఆ సీటు మీద మమకారం చావలేదు, అంత దూరం వెతుక్కుంటూ వచ్చేవని చెప్పుకుంటారు. అది నేను నమ్మను.

ఒకరోజు జీపు దగ్గింది, తుమ్మింది, స్టార్టయింది. మైదానం చుట్టూ మూడు చుట్లు తిరిగింది. ఘాటీ ఎక్కబోతే కింది నుంచి మొదటి మలుపులో ఆగిపోయింది. రివర్సులో మెల్లగా కిందికి వదులుకుని, ఇంజను మళ్లీ విప్పాడు. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి విప్పాడు. మూడోసారీ అక్కడే ఆగింది. జనం నవ్వారు. ఆ రాత్రి దొన్ను కంచం ముందు కూర్చుని ఇంజను ముక్కలన్నీ మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. సన్నెమ్మకి అప్పుడే ఏడో నెల.

"మావా," అంది సన్నెమ్మ, "మొన్న మా అన్న ఆవుని తోలుకొచ్చినప్పుడు అమ్మినోడిని ఏటేటి అడిగినాడు?"

"అలవాట్లడిగినాడు. ఏ పక్క కూకుని పితకాల, ఎవుల్ని తన్నుతాది, ఏటి తింటాది అని."

"మరి నీ బండి అలవాట్లు నువ్వెవుల్ని అడిగినావు?"

పశువుని కొంటే అలవాటు అడగనివాడు ఆ కొండ మీద లేడు. ఇనుముకి మాత్రం అలవాట్లేముంటాయని ఎవరికీ తోచలేదు.

తెల్లారి అప్పలకొండ గుమ్మం ముందు నిలబడ్డాడు. అప్పలకొండ అతన్ని చూడగానే గొంతు పెంచాడు. "బేరం అయిపోనాది. ఎడ్లు ఎనక్కి ఇవ్వను!"

"ఎడ్లు నీవే బావూ. ఆటి అలవాట్లు నీకు సెప్పనేదు, అది నా తప్పు. సెప్పి పోదారని వచ్చినాను. దాపటిది గొడుగు సూస్తే బెదురుతాది. వలపటిది ముందు నీట్లో దిగితేగానీ రెండోది దిగదు. రెంటినీ వేరే వేరేగా కట్టీకు, మేత ముట్టవు." చెప్పి, అప్పుడు అడిగాడు. "బండి అలవాటేటి బావూ?"

అప్పలకొండ తల వంచుకున్నాడు. మోసం చేసినవాణ్ణి తిడితే తిరిగి తిడతాడు గానీ, ఇలా ఎదురు వచ్చి మేలు చెబితే ఏం చేస్తాడు? "ఎండలో ఎక్కుడు ఎక్కితే పెట్రోలు పంపుకి ఊపిరాడదు రా. దాని మీద తడిగుడ్డ వెయ్యాల. ఆరితే మళ్లీ తడపాల," అన్నాడు. దీన్ని తనకి అమ్మింది కాఫీ తోటల మార్తమ్మ అని కూడా చెప్పాడు.

తడిగుడ్డ వేస్తే మొదటి మలుపు దాటింది. రెండో మలుపులో ఆగింది. దొన్ను అవతలి కొండకి నడిచాడు. మార్తమ్మ మొగుడు ఆ జీపు నడిపి నడిపి పోయినవాడు. ఆమె కాఫీ గింజలు ఆరబోస్తోంది.

"దాని అలవాటేటి అమ్మా?"

మార్తమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "ఇన్నాళ్లకి అడిగినోడివి నువ్వొక్కడివే నాయనా," అంది. "డ్రైవరు సీటు కిందే గదా దాని ట్యాంకు. సగం కంటే తగ్గితే ఎక్కుడులో పెట్రోలంతా ఎనక్కి పోతాది, గొట్టానికి అందదు. ఆయనైతే నాకు కూడు లేపోయినా దానికి మాత్రం నిండా పోసేవోడు!" తిట్టిందో మురిసిందో తెలియదు గానీ, దొన్నుకి కడుపు నిండా అన్నం పెట్టి పంపింది. తన మొగుడికి దాన్ని అమ్మింది సముద్రం ఒడ్డున ఉండే గురువులు అనే ఆయన అని చెప్పింది.

తడిగుడ్డ వేసి, ట్యాంకు నింపితే జీపు మూడు మలుపులూ ఎక్కేసింది. ముంతమామిడిలో డప్పులు మోగాయి. నవ్వినవాళ్లే ముందుగా ఎక్కి కూర్చున్నారు. రేపు సంతకి అందర్నీ దించు అన్నారు.

దొన్ను దించనన్నాడు. "ఎక్కడం సెప్పినారు. దిగడం నాకు ఎవులూ సెప్పనేదు."

"ఎక్కింది దిగదేట్రా? రాయి కూడా దొర్లుకుని దిగుతాది!" అన్నాడు ఊరి పెద్ద లచ్చన్న తాత.

"అందుకే తాతా," అని, దొన్ను చద్ది మూట కట్టుకుని సముద్రం దారి పట్టాడు. నెలలు నిండుతున్న పెళ్లాన్ని వదిలి అంత దూరమేమిటని ఊరంతా తిట్టింది. సన్నెమ్మ తిట్టలేదు.

గురువులు ఒకప్పుడు మిలటరీ డ్రైవరు. వేలంలో ఆ జీపుని మొదట కొన్నది అతనే. ఇప్పుడు ముసలివాడై వలలు బాగుచేసుకుంటున్నాడు. మొదటిరోజు, "నాకేటీ గుర్తు నేదు," అన్నాడు. రెండోరోజు, "మిలటరీ బండికి వంకలేటి? పో పో," అన్నాడు. మూడోరోజు దొన్ను ఇసకలో అతని ఎదురుగా కూర్చున్నాడు. దూరంగా కొండల వైపు మబ్బు కడుతోంది.

"తాతా, నా తప్పొకటి సెప్తాను, ఇను. ఎవులికీ సెప్పనేదు. నా తొలి బిడ్డ డోలీ పడిపోయి పోనాది. వాన పడగొట్టిందని ఊరంతా అంటాది. వాన కాదు. ముందు కర్ర నాది. నా కాలే జారినాది. నా ఆడదానికి కూడా ఈ మాట సెప్పనేదు."

ముసలివాడి చేతిలో వల ఆగిపోయింది.

"నా తమ్ముడు ఆ బండిలోనే పోనాడు," అన్నాడు. "తాగి తోలినాడని నానే అందరికీ సెప్పినాను. నేపోతే బండిని ఎవులు కొంటారు? ఆడు తాగనేదు. దిగుడులో రెండో గేరు ఊడిపోతాది రా. ఊడిందంటే బండి ఇంక ఆగదు, బ్రేకు సాలదు. గేరు కర్రని సేత్తో అదిమి పట్టాల. కింద దాకా సెయ్యి తియ్యకూడదు." అని, ఆ ముసలివాడు తమ్ముడి పేరు పిలిచి వలలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. దొన్ను పక్కనే కూర్చున్నాడు. తనూ ఏడ్చాడు.

అతను కొండ ఎక్కేసరికి తొలకరి మొదలైంది. వస్తూనే సన్నెమ్మకి మూడు అలవాట్లూ అప్పజెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమెకి నొప్పులొచ్చాయి.

జోరు వాన. సన్నెమ్మ ముందు సీటులో, లచ్చన్న తాత పెళ్లాం వెనక సీటులో. దొన్ను ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి గేరు మీద వేసి బండి కదిలించాడు. మొదటి మలుపులో గేరు ఎగదన్నింది. అదిమి పట్టాడు. రెండో మలుపులో ఎగదన్నింది. అదిమి పట్టాడు. మూడో మలుపు మిగతా రెండింటిలాంటిది కాదు. అక్కడ స్టీరింగు తిరగాలంటే రెండు చేతులూ కావాలి. వాననీటికి రోడ్డు కోసుకుపోయి ఉంది.

"గేరు నాకు ఒగ్గీ మావా," అంది సన్నెమ్మ. నొప్పికి పళ్లు బిగబట్టి, రెండు చేతులతో గేరు కర్రని పట్టుకుంది. "నువ్వు చక్రం పట్టు."

గేరు ఎగదన్నింది. ఆమె వదల్లేదు. దొన్ను రెండు చేతులా స్టీరింగు తిప్పాడు. జీపు లోయ అంచుని రాసుకుంటూ తిరిగి, రోడ్డు మీదకి వచ్చింది.

అప్పుడు అతని నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "సన్నీ, ఆ రోజు జారింది నా కాలే."

"తెలుసు. డోలీలో ఉన్నది నానే గదా," అంది సన్నెమ్మ. "ముందుకి సూసి తోలు."

దిగువ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

ఆ తర్వాత దొన్ను ఎంతమందిని దించాడో, ఎంతమందిని ఎక్కించాడో లెక్క లేదు. బాలింతల్ని దించాడు, పాము కరిచినవాళ్లని దించాడు, అలిగి పుట్టింటికి పోయే కోడళ్లని దించి, మూడోరోజు మళ్లీ ఎక్కించాడు. ఒక్కరికీ గీత పడలేదు. ముసలివాడై, ఒక చలికాలం పొద్దున్న నిద్రలోనే పోయాడు. నాలుగు కొండల జనం వచ్చారు. అతను దించినవాళ్లే అతన్ని మోశారు.

కొన్నాళ్లకి పట్నం నుంచి ఒక షోకు మనిషి వచ్చాడు. పాత జీపులు వెతికి కొని, కొత్తవాటిలా చేసి పెట్టుకోవడం అతని సరదా. దొన్ను జీపుని చూడగానే అతని మొహం వెలిగిపోయింది. సన్నెమ్మ బేరం మాటెత్తనివ్వలేదు. ముందు అతన్ని డ్రైవరు సీటులో కూర్చోబెట్టింది. తడిగుడ్డ సంగతి చెప్పింది, ట్యాంకు సంగతి చెప్పింది. అతని చెయ్యి పట్టుకుని గేరు కర్ర మీద పెట్టి, మూడో సంగతి చెప్పింది.

"అమ్మేవాళ్లు ఎవరైనా ఇలా వంకలు చెబుతారా అమ్మా?" అన్నాడతను ఆశ్చర్యంగా.

"నా మావ మూడూళ్లు తిరిగి తెచ్చినవి బావూ ఇవి. ఇవి నాకాడ ఉంచుకుని ఉత్త బండి నీకిత్తే, నిన్ను సంపినట్టే గదా," అంది సన్నెమ్మ.

ఇప్పటికీ ఆ కొండల్లో బండి అమ్మితే, లారీ కానీ సైకిలు కానీ, కొనేవాణ్ణి ముందుగా దాని సీటు మీద కూర్చోబెట్టాలి. దాని వంకలన్నీ విప్పి చెప్పాలి. దాన్ని దొన్ను మాట అంటారు. వంకే లేదని ఎవడైనా అంటే, కొనేవాడు చెప్పులు తొడుక్కుని లేచిపోతాడు. ఈ మధ్య పెళ్లి చూపుల్లో కూడా, "దొన్ను మాట ఏటైనా ఉంటే ఇప్పుడే సెప్పీండి," అంటున్నారట. మా పిల్లకి కోపం జాస్తి అని తల్లులు ముందే చెప్పేస్తున్నారట. మంచిదే.

చెప్పడం అయ్యాక కొన్నవాడు తాళం అందుకుంటూ ఒక్క మాట అంటాడు. ఎదురుగా ఉన్నవాడి పేరు అప్పన్న కానీ, రహీము కానీ, ఎవరైనా కానీ, అనేది మాత్రం ఒకటే.

"విన్నాను, దొన్నూ."