నిదానం లేని రాజుగారు

ఒకానొక రాజ్యంలో, కంకణవరం అనుకుందాం, ప్రచండసేనుడనే రాజు ఉండేవాడు. ఆయనకు తెలియని శాస్త్రం లేదు. అంటే, లేదని ఆయనే చెప్పేవాడు. తలలూపడం సభవారి పని.

ఒక వేసవి మధ్యాహ్నం రాజుకు కడుపునొప్పి వచ్చింది. సింహాసనం మీదే మెలికలు తిరుగుతూ ఆస్థానవైద్యుడు అనంతభట్టును పిలిపించాడు.

భట్టు నాడి చూసి, "ప్రభూ, మందుకు ముందు నిదానం కావాలి," అన్నాడు.

"ప్రాణం పోతోందని నేనంటే నిదానం కావాలంటావా?"

"తమరు పొరపడ్డారు ప్రభూ. నిదానమంటే..."

"నాకే తెలుగు నేర్పుతావా? దీపాలు పెట్టేలోగా రాజ్యం వదిలిపో."

పాపం, భట్టు ముసలివాడు. ఆ వయసులో ఏ ఊరు పోతాడు? మందులపెట్టె ఎత్తుకుని ఇంటికి నడిచాడు.

ఇదంతా విదూషకుడు తిప్పన చూశాడు. రాజుగారి మీసం కూడా చూశాడు. ఎప్పుడూ ఆకాశంకేసి నిలబడే ఆ కుడి మీసం ఇవాళ బుగ్గకు అంటుకుపోయి ఉంది. అందరికీ కనబడుతూనే ఉంది గానీ, పిల్లి మెడలో గంట కట్టేదెవరు? తిప్పన మెల్లగా బయటికి పోయి, పడకగది కాపలావాడితో ఏదో గుసగుసలాడి, కాసేపటికి కడుపు పట్టుకుని మూలుగుతూ వచ్చి సభ మధ్యలో దొర్లాడు.

"చచ్చాను ప్రభూ. అన్ని శాస్త్రాలూ తెలిసిన తమరే మందు చెప్పాలి."

ఆ పొగడ్తకు రాజుగారి నొప్పి సగం తగ్గింది. "ఏం తిన్నావురా?"

"అంత నిదానం దేనికి ప్రభూ? మందు చెప్పండి, చాలు."

"ఏం తిన్నావో తెలియకుండా మందెలా చెబుతార్రా మూర్ఖుడా?"

తిప్పన మూలగడం ఆపి లేచి కూర్చున్నాడు. "భట్టుగారు అడిగిందీ అదే ప్రభూ. మనకు నిదానమంటే నెమ్మది. వైద్యులకు నిదానమంటే రోగానికి కారణం."

సభలో ఎవరికో దగ్గు వచ్చింది. రాజు ముఖం గంభీరంగా పెట్టి, "అది నాకు తెలుసులే. నా రోగానికి నిదానమేమిటో చెప్పు చూద్దాం. చెప్పలేకపోతే భట్టు వెంట నువ్వూ పో," అన్నాడు.

"పనసపండు ముట్టనని పోయిన వేసవిలో తమరు ఈ సభలోనే ఒట్టు పెట్టుకున్నారు. ఇవాళ పడకగదిలో తలుపేసుకుని తొనలు లాగించారు. అది నిదానం. తర్వాత తేన్పులు వచ్చాయి. రోగం రాబోతోందని ముందే చెప్పే గుర్తు కనుక అది పూర్వరూపం. ఆ పైన కడుపునొప్పి, అది రూపం. అంతటితో పోక, భట్టుగారికి దేశబహిష్కారం పడింది. రోగం మీద పుట్టే ఇలాంటి రోగాన్ని ఉపద్రవమంటారు."

"తొనలు తిన్నానని సాక్ష్యమేది?"

"తమరి మీసమే ప్రభూ. నూనె రాస్తేగాని పనసజిగురు వదలదు."

రాజు మీసం తడుముకున్నాడు. వేలు కూడా అంటుకుంది. రెండు చేతులా లాగితేగాని ఊడిరాలేదు. మొదట రాజే కిసుక్కుమన్నాడు. తర్వాత కడుపు పట్టుకుని, "అమ్మో నొప్పి" అంటూనే పగలబడి నవ్వాడు.

"భట్టును పల్లకీలో తీసుకురండి. నిదానంగా మాత్రం వద్దు. పడకగదిలో మిగిలిన తొనల బుట్ట తిప్పనకు బహుమానం."

తిప్పన రెండు చేతులూ జోడించాడు. "ప్రభూ, అది బహుమానం కాదు, నిదానం."

రాజు మళ్లీ నవ్వి, తన పట్టుశాలువా తీసి స్వయంగా అతని భుజాలకు కప్పాడు. ఆ చేతుల నిండా జిగురే కదా, ఆ శాలువా తిప్పనను వదలడానికి గిన్నెడు నూనె పట్టింది.