గొంకయ్యగారి నల్లమట్టి

నా తలపాగా అందంగా ఉంటుంది. కొలువుకు వెళ్లేముందు దాన్ని అన్ని వైపుల నుంచీ చూసుకుంటాను. దీన్ని డాంబికం అనేవాళ్లున్నారు. తాంబూలం అందించేవాడు చక్కగా లేకపోతే రాజుగారి నోట్లో ఆకు చేదెక్కుతుందని నా నమ్మకం. కాబట్టి ఇది రాజసేవ.

మా పైడికొండ రాజుగారికి కోట కొలనులో ఈత కొట్టడం ఇష్టం. ఆ ఏడు తొలకరి వానలు వెలిశాక ఒక పొద్దున తెల్లగా మునిగి, పచ్చగా లేచారు. గడ్డానికి నాచు వేలాడుతోంది. ఎవరూ నవ్వలేదు. నేను స్తంభం వెనక్కి వెళ్లి నవ్వాను.

కొలనులోకి వచ్చేది చింతవాగు నీళ్లు. వాటిని పాడుచేసిందెవరని రాజుగారు గర్జించారు. ఆయన బావమరిది గొంకయ్య దండనాయకుడు వెంటనే లేచి, చాకిరేవు వాళ్లేనన్నారు. బట్టలకు పట్టించే చౌడుతో నీళ్లు పచ్చబడ్డాయట. అయితే పౌర్ణమిలోగా రేవు ఖాళీ చేయించమన్నారు రాజుగారు.

రేవు పెద్ద పోలమ్మ నా దగ్గరికి వచ్చింది. నాకు తెలివితేటలున్నాయని ఎవరో ఆమెకు చెప్పారట. ఆ ఎవరో నేనే.

"ఆ రేవు పోతే మా వాడకు కూడు లేదు నాయనా. ఒక్కసారి వచ్చి చూడు, నీ తలపాగా తడవనివ్వన్లే" అంది.

వెళ్లాను. రేవుకు ఎగువన, ఇంకా ఒక్క బట్టైనా తగలని చోటే, వాగు రాగిజావలా పారుతోంది. ఇంకా పైకి వెళితే గొంకయ్యగారి పొలం. ఎరువు కోసం వేసవంతా గొర్రెల మందలు కట్టించి, ఆముదపు పిండి చల్లించిన నేల. కోట బురుజు మీంచి చూస్తే దువ్విన జుట్టులా కనిపించాలని, వాలు వెంబడే పైనుంచి కిందికి తిన్నగా దున్నించారు. అందం చెడుతుందని గట్లు చెక్కించేశారు. వాన పడ్డప్పుడల్లా ప్రతి నాగటి చాలూ ఒక కాలవై, మట్టినీ ఎరువునూ వాగులోకి దింపుతోంది. ఆ ఎరువు తినే కొలనులో నాచు బలిసింది.

ఈ మాట సూటిగా చెప్పొచ్చు. కానీ రాజుగారి బావమరిది మీద చాడీ చెబితే తలపాగా మిగులుతుంది, తల మిగలదు.

అందుకని తాంబూలం ఇస్తూ, రాజ్యంలో ఎవరి మట్టి సారమైనదో పందెం పెడితే సరదాగా ఉంటుందని రాజుగారి చెవిన వేశాను. ఆయనకు నచ్చింది. గెలిచినవాడికి బంగారు కడియం అన్నారు.

పందెం నాడు సభ నిండా గంపలే. గొంకయ్యగారి గంప మీద పట్టుగుడ్డ. నేనూ ఒక గంప పెట్టాను. రాజుగారు అన్నీ నలిపి చూసి నా గంప దగ్గర ఆగారు. మట్టి నల్లగా, వెన్నలా ఉంది.

గొంకయ్యగారు వచ్చి ఓ చిటికెడు తీసి వాసన చూశారు. ముఖం కందిపోయింది.

"ఇది నా మట్టి. ఈ ఆకుల వెధవ నా పొలంలోంచి ఎత్తుకొచ్చాడు" అన్నారు.

మట్టి మీద పేరు రాసి ఉంటుందా అని వినయంగా అడిగాను.

"మంద కట్టించిన చేలో ఆముదపు పిండి చల్లేది ఈ రాజ్యంలో నేనొక్కణ్నే. ఇదుగో పెంటికలు, ఇదుగో పిండి పలుకులు. నీ పెరట్లో గొర్రెలున్నాయిరా?"

పొరపాటు పడలేదు కదా అన్నారు రాజుగారు. కన్నబిడ్డను గుర్తుపట్టనా అని గొంకయ్యగారు గంప మీద చెయ్యి వేసి ప్రమాణం చేశారు.

నేను చేతులు జోడించాను.

"నిజమే ప్రభూ, మట్టి వారిదే. నేను మాత్రం పొద్దున కోట కొలను అడుగు నుంచి తీశాను."

రాజుగారు మెల్లగా గడ్డం తడుముకున్నారు.

"అయితే గొంకయ్యా, ఆ రోజు ఈతలో నేను మింగింది నీ గొర్రెల పెంటికలా?"

తెర వెనక రాణిగారు ముందు నవ్వారు. ఆ తర్వాత సభంతా పగలబడి నవ్వింది. చివరికి రాజుగారికీ ఆగలేదు.

కడియం గొంకయ్యగారికే ఇచ్చారు, సారమైన మట్టి ఆయనదే కనక. కొలను పూడికంతా తీసి తిరిగి తన పొలానికే తోలుకోవాలనీ, ఇకమీదట వాలుకు అడ్డంగా దున్ని, గట్లు వేసి, వాగు ఒడ్డున గడ్డి వదలాలనీ ఆజ్ఞ. రేవు పోలమ్మవాళ్లకే ఉండిపోయింది.

నాకు వాగు పక్కన ఏటవాలు చేను ఒకటి ఇచ్చారు. పక్కవాడి చేను ఎటు దున్నాలో అంత బాగా చెప్పిన నాకు, నాగలి పట్టడం మాత్రం ఇప్పటికీ రాలేదు.