పోలన్న రేవులో కంకుల గంగానమ్మ

అమెరికా తూర్పు తీరాన, సముద్రపు పోటు లోపలిదాకా ఎగదన్నే ఒక వెడల్పాటి నది ఒడ్డున, కంకుల గంగానమ్మవారి ఆలయం ఉన్నది. అమ్మవారిది చెక్కిన విగ్రహం కాదు, మూరెడు ఎత్తున్న నల్లని నదిరాయి. కుంకుమకు బదులు ఒడ్డున దొరికే ఎర్రమట్టినే పూస్తారు. వానలప్పుడు రేవులోకి దిగే చెక్కమెట్లు జారతాయి. భక్తులు నిదానంగా దిగవలెను.

పూర్వం ఇక్కడ ఈ నేలకు తొలిబిడ్డలైన తెగవారు మొక్కజొన్న పండించుకుని జీవించేవారు. తెల్లదొరలు ఓడలలో వచ్చి తీరం పొడుగునా పొగాకు తోటలు వేస్తున్న కాలమది. బందరు దగ్గరి పల్లెకారుడు పోలన్న కూలికి ఓడెక్కితే, ఓడనాయకుడు అతణ్ణి ఈ తీరాన ఒక దొరకు అమ్మివేశాడు. కొరడాదెబ్బలకు ఓర్వలేక పోలన్న అడవిలోకి పారిపోయి, జ్వరంతో ఈ ఒడ్డున పడిపోయాడు.

దొరల చొక్కా తొడుక్కున్న వాణ్ణి చంపుదామన్నారు తెగవారు. వారి పెద్దావిడ వెసిక ఒప్పుకోలేదు. మొక్కజొన్న జావ కాచి పోసి బతికించింది. లేచి కూర్చున్ననాడు పోలన్న చేతులు జోడించి సైగలతో అడిగాడు.

"అమ్మా, మీ నేల మీద నన్ను ఉండనిస్తారా?"

"ఉండు. ఆకలేస్తే అడుగు," అని సైగలతోనే చెప్పింది వెసిక.

పోలన్న వారి భాష నేర్చాడు, వారితో చేపలు పట్టాడు. పంట కోతకొచ్చిన రోజులలో, ఒక మధ్యాహ్నం పడవలో కునుకు తీస్తుండగా తన ఊరి దేవత గంగానమ్మ కలలో కనబడింది. "పోలన్నా, నీకు జావ పోసిన ఇల్లు తగలబడబోతున్నది. ఏరు సముద్రంలో కలిసే మొగకు పోయి చెవియొగ్గి విను," అని ఆనతిచ్చింది. అతడు ఉలిక్కిపడి లేచి, పడవను అటు పోనిచ్చి రెల్లుచాటున దాగాడు. ఒడ్డున దొరల సిపాయిలు తుపాకులు తుడుచుకుంటూ, మర్నాడు పల్లెనూ పంటనూ కాల్చివేయాలని చెప్పుకుంటున్నారు. దొర తోటలో చెవినబడ్డ భాషే కనుక పోలన్నకు అర్థమైంది.

 సముద్రం దిక్కుగా జారుకుంటే తానొక్కడూ బతికిపోతాడు. పల్లెకు పోయి పట్టుబడితే ఉరి తప్పదు. చివరకు పడవను ఎదురేటికే తిప్పాడు.

"అమ్మా, విత్తనం మూట కట్టండి, తక్కినవి వదిలేయండి!" అని అరుస్తూ ఒడ్డెక్కాడు. తెల్లవారేలోగా పిల్లాజెల్లా అందరినీ అవతలి చిత్తడిలోకి చేర్చాడు. మర్నాడు సిపాయిలు ఖాళీ ఇళ్ళనూ నిండు చేలనూ కాల్చి పోయారు. ప్రాణాలు దక్కాయి కాని నేల దక్కలేదు. తెగవారు ఎగువకు కదిలారు.

వెసిక రమ్మన్నది. "మీరు తిరిగొస్తే ఇక్కడ ఒక మనిషి ఉండాలి కదమ్మా," అన్నాడు పోలన్న. ఆమె అతని దోసిట్లో గుప్పెడు గింజలు పోసి వెళ్ళింది. అతడు బూడిదలోనే వాటిని నాటి, చేనిగట్టున నదిరాయి నిలిపి గంగానమ్మా అని మొక్కాడు.

పోలన్న తల ముగ్గుబుట్ట అయ్యాక వెసిక కూతురు తనవారితో తిరిగివచ్చింది. తల్లి ఎగువనే కన్నుమూసిందని చెప్పింది. పోలన్న కాసేపు ఏడ్చి, కాల్చిన కంకులు ఆమె ముందు పెట్టి, "నన్ను ఇంకా ఉండమంటారా, తల్లీ?" అన్నాడు.

"ఇన్నేళ్ళూ దున్నినవాడివి, నన్ను అడుగుతావేం?"

"కాపలా కాశానమ్మా. నేల మీ సొంతం."

నేటికీ మొక్కజొన్న కోతల ఉత్సవంనాడు ఆ తెగ ఆడపడుచులలో పెద్దామెకు తొలికంకి సమర్పించి, అర్చకులతో సహా అందరూ ఉండనిమ్మని అడుగుతారు. పరాయి నేలపై కాపురం పెట్టినవారికి ఈ తల్లి నిలకడ ప్రసాదిస్తుందని నమ్మకం. ఒక్కొక్క ఏడు ఆ పెద్దామె బదులివ్వక నదివైపు చూస్తూ చాలాసేపు ఉండిపోతుంది. ఆమె "ఉండండి" అనేవరకు ఇక్కడ హారతి వెలిగించరు.