జెల్లమ్మ మీసాలు

ఒకప్పుడు జెల్ల చేపకు మీసాలుండేవి కావు. ఒంటినిండా వెండి పొలుసులుండేవి. పగలంతా ఎండలో తళతళలాడుతూ తిరిగేది. పొద్దుగూకితే మాత్రం పిల్లల్ని పోగేసుకుని రాతి కిందికి దూరేది. చీకటంటే దానికి చచ్చేంత భయం.

జెల్లమ్మ పిల్లల్లో ఆఖరివాడు బుల్లోడు. ఒక్కచోట కుదురుండదు. గోదారిలో కలిసే ఆ చిన్న వాగులో వాడు దూరని కన్నం లేదు.

ఒక సాయంత్రం వాగులోకి ఎర్రనీరు వచ్చిపడింది. కొండల మీది మట్టంతా వరదలో కలిసింది. జెల్లమ్మ పిల్లల్ని ఇంటికి తోలుకొచ్చి చూసుకుంటే బుల్లోడు లేడు! కాళ్లూ చేతులూ ఆడలేదందామంటే, పాపం, చేపకి అవెక్కడివి? ప్రాణం మాత్రం విలవిల్లాడిపోయింది.

"బొచ్చె వదినా, మా బుల్లోణ్ణి చూశావా?"

"ఈ బురదలో నా తోకే నాకు కనపడట్లేదు. తెల్లారనీ, వెతుకుదాం," అంది బొచ్చె చేప.

"తెల్లారేసరికి వాడు గోదాట్లో ఉంటాడు వదినా!"

జెల్లమ్మ ఒక్కతే బయల్దేరింది. కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడలేదు. వెళ్లి వెళ్లి గట్టున ఉన్న తుంగ మొక్కకి గుద్దుకుంది.

"మామ్మా, మట్టిలో నువ్వు చూడకుండానే దారెలా వెతుక్కుంటావే?"

"వేర్లతో తడుముకుంటాను."

"నాకు అవి లేవే!" జెల్లమ్మ బావురుమంది.

వరదకి తుంగ మామ్మే ఊగిపోతోంది. ఆ వేర్లే దాన్ని గట్టుకి పట్టి ఉంచాయి. అయినా మనసాగలేదు. సన్నని వేర్లు కొన్ని తెంపి జెల్లమ్మ మూతికి అతికించింది. "మిగతావాటితో ఎలాగో వేలాడతాలే. నువ్వెళ్లు," అంది.

జెల్లమ్మ రాయి రాయీ తడిమింది. ఇరుకు సందుల్లో దూరింది. రాళ్లకి రాసుకుని పొలుసులన్నీ ఊడిపోయాయి. అదేమీ పట్టించుకోలేదు. చివరికి ఒక రాతి కింద మీసానికి మెత్తగా ఏదో తగిలింది.

"ఎవరది?" బుల్లోడు వణికాడు.

"అమ్మనురా!"

"కాదు. మా అమ్మకి మీసాల్లేవు. ఒంటినిండా పొలుసులుంటాయి. పైగా మా అమ్మకి చీకటంటే భయం. రాత్రిపూట బయటికే రాదు."

జెల్లమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. "నువ్వు కనపడకపోతే వస్తాన్రా నాన్నా," అంది.

ఇంకేముంది! బుల్లోడు ఆ మీసాన్ని నోట కరుచుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు.

తెల్లారి నీళ్లు తేరుకున్నాయి. బొచ్చె పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "ఆడదానికి మీసాలేంటే! ఒంటిమీద ఒక్క పొలుసైనా లేదే!"

జెల్లమ్మ సిగ్గుతో చితికిపోయి తుంగ మామ్మ దగ్గరికెళ్లింది. "ఇవి తీసేసుకో మామ్మా."

బుల్లోడు అడ్డం పడ్డాడు. "ఇచ్చేయకమ్మా! మళ్లీ తప్పిపోతే నన్నెలా వెతుకుతావు?"

"ఉంచుకోవే, నాకు మళ్లీ మొలుస్తాయి," అని తుంగ మామ్మ నవ్వింది.

అప్పటినుంచే జెల్లకి మీసాలు. పొలుసుల్లేని ఒళ్లు ఎండకి చురుక్కుమంటుంది, అందుకే పగలంతా రాతి కింద పడుకుంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి రాయి రాయీ మీసాలతో తడుముతుంది. పిల్లలంతా ఇంట్లోనే ఉన్నారని తెలిసినా సరే, ఇంకొక్కసారి తడిమి చూసుకుంటుంది.