మొదటి డికాక్షన్

ఆ రోజు పొద్దుటి నుంచి డాక్టర్ తారకేశ్‌కి కాలు నిలవలేదు. మంగాయమ్మ రిపోర్టులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఇంకొకరైతే తల పట్టుకునేవారు. తారకేశ్ మాత్రం లోలోపల మురిసిపోతున్నాడు.

మంగాయమ్మ కోనసీమలో కొబ్బరి పీచుతో తాళ్లు పేనే మనిషి. యాభై దాటాయి. ఆరు నెలలుగా నడుం నొప్పి. రక్తంలో ఉండకూడని ప్రోటీను ఒకటి బాగా ఎక్కువగా ఉంది. అది చూస్తే రక్త క్యాన్సరు వచ్చేసినట్టే. కానీ ఎముక లోపలి మూలుగ తీసి చూస్తే చెడ్డ కణాలు నూటికి ఏడే. ఏడంటే జబ్బు కాదు, జబ్బుకి ముందుమెట్టు. చాలామంది ఆ మెట్టు మీదే హాయిగా బతికేస్తారు. మందులుండవు, ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలంతే. తారకేశ్ కాగితం మీద అదే రాసి, మధ్యాహ్నం ఇంటికి వెళ్లొచ్చని చెప్పాడు.

ఆ మెట్టు మీద ఉన్నవాళ్ల కోసమే డాక్టర్ వకుళమ్మ ముప్పయ్యేళ్లు ధారపోసింది. ఎవరు అక్కడే ఆగిపోతారు, ఎవరికి జబ్బు ముదురుతుంది, ముందే చెప్పగలమా అన్నది ఆవిడ పట్టుకున్న ప్రశ్న. ఆవిడ దగ్గర తారకేశ్ చేరి నాలుగేళ్లయింది. మూలుగ తీయడంలో అతని చెయ్యి ఎంత తిరిగిందంటే, నర్సులు తమ ఇంట్లోవాళ్లకి కూడా అతన్నే పిలిచేవారు. పరిశోధన కోసం మూలుగ నింపి అతను పంపే సీసాల్లాంటివి ఇంకెవరూ పంపడం లేదని పెద్ద ల్యాబు వాళ్లు మెచ్చుకున్నారు. మెచ్చుకోరా మరి? తుంటి ఎముకలో సూది దించి మొదటిసారి సిరంజి లాగినప్పుడు వచ్చేది సీసాలోకి, రెండోసారి లాగినది రోగి పరీక్ష కోసం స్లైడు మీదికి. రెండు నెలలుగా అతనికి అదే అలవాటైంది.

పదకొండింటికి మంగాయమ్మ స్లైడు పట్టుకుని వకుళమ్మ గదిలోకి వెళ్లాడు.

"మేడం, ఇది కొత్త రకం అనుకుంటున్నాను. రక్తంలో అంత ప్రోటీను, మూలుగలో ఇన్నే కణాలు. ఇలాంటిది ఎవరూ రాయలేదు. మనం పేపరు రాద్దాం."

ఆవిడ మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. స్లైడు అటు జరిపింది, ఇటు జరిపింది. తారకేశ్ అప్పటికే పేపరుకి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తున్నాడు.

"కాఫీ తాగుతావా?" అంది ఆవిడ.

గది మూల ఒక ఇత్తడి ఫిల్టరు ఉంది. రోజూ ఆ వేళకి కాఫీ కలిపి దగ్గరున్నవాళ్లకి ఇవ్వడం ఆవిడకి మామూలే. ఆ రోజు మాత్రం దిగిన డికాక్షనంతా ఒక స్టీలు గ్లాసులోకి వంచి, మూత పెట్టి పక్కన ఉంచింది. ఒకసారి దిగిపోయిన పొడి మీద మళ్లీ వేడినీళ్లు పోసింది. అది దిగాక అందులో పాలూ పంచదారా కలిపి అతని ముందు పెట్టింది.

తారకేశ్ ఒక గుక్క తాగి ఆగాడు.

"ఎలా ఉంది?"

"కొంచెం పల్చగా ఉంది మేడం."

"పొడి రోజూ వాడేదే. పాలూ అవే." ఆవిడ మైక్రోస్కోపు నుంచి స్లైడు తీసి అతని గ్లాసు పక్కన పెట్టింది. "కొత్త రకమేమో. పేపరు రాద్దామా?"

తారకేశ్ నవ్వబోయాడు. మూత పెట్టిన గ్లాసు కేసి చూశాడు, తర్వాత స్లైడు కేసి చూశాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. మొదట లాగిన చిక్కటి మూలుగ సీసాలో పడి ల్యాబుకి వెళ్లింది. నెత్తురు కలిసి పల్చబడిన రెండోది మంగాయమ్మకి మిగిలింది. ఆ ఏడు నిజం కాదు.

గడియారం చూశాడు. పన్నెండు కావస్తోంది.

"మంగాయమ్మ వెళ్లిపోయుంటుంది మేడం," అన్నాడు.

వకుళమ్మ తలుపు వైపు చూసింది.

మెట్లు దిగి, మందుల కౌంటరు దాటి, గేటు బయటికి పరిగెత్తాడు. మంగాయమ్మ చెల్లెలితో కలిసి బస్టాపులో కూర్చుని ఉంది. అతను రాసిచ్చిన కాగితం నాలుగు మడతలుగా ఆమె చేతిలో ఉంది. అతన్ని చూసి లేవబోయింది, నడుం పట్టేసి మళ్లీ కూలబడింది.

"ఏంటి బాబుగారూ, ఏమైనా మర్చిపోయామాండి?"

"మీరు కాదమ్మా, నేను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "పరీక్ష తప్పు చేశాను. మీకు చూడాల్సిన మూలుగ నా పరిశోధనకి తీసేసుకున్నాను. మళ్లీ ఒకసారి తీయాలి."

ఆమె మొహం పాలిపోయింది. పైన చర్మానికి మత్తు ఇస్తారు గానీ, సిరంజి లాగేటప్పటి నొప్పికి మత్తు లేదు. ఆ సంగతి తారకేశ్ చదువుకున్నాడు. ఆమెకి తెలుసు.

"మళ్లీ ఆ సూదాండి," అంది. చేతిలో కాగితం చెల్లెలికి ఇచ్చింది. "సరే పదండి. ఈసారైనా ముందు నాకు చూడండి బాబూ. మిగిల్తే మీరు తీసుకోండి."

తిట్టినా బాగుండేదనిపించింది తారకేశ్‌కి. ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం ఒక్కసారే లాగాడు. వచ్చినదంతా స్లైడులకే సరిపోయింది. సీసా మూత తీయలేదు. రంగు వేసి, ఆరబెట్టి, ఒక్కొక్క కణమూ తనే లెక్కపెట్టాడు. నూటికి ముప్పై నాలుగు. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై నాలుగే. ఏడాది ఆగి వచ్చి ఉంటే, ఎముకల్ని తినేసే ఈ జబ్బుకి ఆ వెన్నెముక నిలిచేది కాదు.

నాలుగింటికి వార్డులో మంగాయమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, జబ్బు పేరు చెప్పాడు. మందులున్నాయని, సోమవారం మొదలుపెడతామని చెప్పాడు. ఆమె అన్నీ విని, మళ్లీ తాళ్లు పేనగలనా అని మాత్రం అడిగింది. పేనాలనే మా ప్రయత్నమంతా అన్నాడు. అతని జేబులో ఇంకో కాగితం ఉంది. రెండు నెలలుగా పరీక్షకి రెండోసారి లాగినదే మిగిలిన పదకొండుమంది పేర్లు అందులో రాసుకున్నాడు.

అంతలో వకుళమ్మ వచ్చింది. చేతిలో పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసు ఉంది. పొద్దున్న మూత పెట్టిన డికాక్షనే, వేడి పాలు కలిపి తెచ్చింది.

తారకేశ్ గబుక్కున లేచి రెండు చేతులూ చాపాడు.

"నీది కాదు నాయనా," అంది ఆవిడ. "ఇది ఆవిడది."

మంగాయమ్మ గ్లాసు అందుకుని ఊదుకుంటూ ఒక గుక్క తాగింది.

"చిక్కగా ఉందండి," అంది.

తారకేశ్ జేబులోంచి కాగితం తీసి, మొదటి పేరుకి ఫోన్ చేయడానికి వరండాలోకి నడిచాడు.