మొదటి నీళ్లు

డీకన్ ఇన్నయ్యకి జ్ఞానస్నానం మొదలు దివ్యసంస్కారాలు ఏడూ కంఠతా వచ్చు. ఇంకొక్క మెట్టెక్కితే పూజ చేసే గురువే. శిక్షణ కోసం గోదారి లంకలోని చిన్న విచారణకి, అంటే ఒక చర్చి పరిధిలోని ఊరికి, పంపితే, ఈస్టర్‌కి జ్ఞానస్నానం తీసుకునేవాళ్లకి ఉపదేశం చెప్పే పని అతని మీద పడింది. చెప్పడం బాగానే చెప్పాడు. చివర్లో పరీక్ష పెట్టాడు. అక్కడ వచ్చింది చిక్కు.

అందరూ గడగడా అప్పజెప్పారు, నాంచారమ్మ తప్ప. గుడి బట్టలు ఉతికే మనిషి. డెబ్బై దాటాయి.

"దివ్యసత్ప్రసాదం అంటే ఏంటమ్మా?"

"తెలీదు బాబూ."

"పోనీ, ఏడింట్లో ఒక్కదాని పేరు చెప్పు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇన్నయ్య ఆమె పేరు కొట్టేశాడు.

"వచ్చే ఈస్టర్‌కి చూద్దాంలే."

"అప్పటికి ఉంటానంటారా?" అంది నాంచారమ్మ. ఈసారి నవ్వలేదు.

సాయంత్రం విచారణ గురువు రాయప్ప ఫాదర్‌గారికి సంగతి చెప్పాడు. "అర్థం కాకుండా ఎలా ఇస్తాం ఫాదర్? తలమీద నీళ్లు పోస్తే అయిపోతుందా?"

"నిజమే," అన్నారాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ. "రేపు తెల్లారగట్ల ఆమెతో కలిసి పూజ గుడ్డలు జాడించు."

ముసలాయనకి చాదస్తం ముదిరిందనుకున్నాడు ఇన్నయ్య.

పూజలో పాత్ర తుడిచిన గుడ్డలకి ఒక పద్ధతుంది. ముందు పళ్లెంలో జాడించి, ఆ మొదటి నీళ్లు మట్టిలో పోయాలి, కాలువలో పోయకూడదు. క్రీస్తు శరీరంగా మారిన రొట్టె, ఆ సత్ప్రసాదం కణమేదైనా అంటుకుని ఉండొచ్చు. ఆ సంగతి ఇన్నయ్య నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

తెల్లవారేసరికి గోదారి మీది మంచు గుడి పెరట్లోకి వచ్చి కూర్చుంది. బాదం చెట్టు మొదలుంది, కొమ్మల్లేవు. తెడ్డు చప్పుడు వినిపిస్తోంది, పడవ లేదు. తాను లేచాడో, లేచినట్టు కలగంటున్నాడో ఇన్నయ్యకే తెలియడం లేదు. నాంచారమ్మ నిలబడి గుడ్డలు అందిస్తుంటే చేతులు జాడిస్తున్నాయి. మనసు ఆదివారం చెప్పబోయే ప్రసంగంలో ఉంది. అలా ఉండగానే పళ్లెం ఎత్తి పక్కనున్న కాలువలో వంచేశాడు.

"అయ్యో బాబూ!"

మూడుసార్లు "అమ్మా" అనుకుంటే తప్ప కింద కూర్చోలేని మనిషి, ఒక్కసారిగా మోకాళ్ల మీద పడింది. భుజం మీది తుండుగుడ్డ ఉండచుట్టి కాలువకి అడ్డం కుక్కింది. నిలిచిన నీళ్లని బురదతో సహా దోసిట్లోకి ఎత్తి, ఒక్క చుక్క జారకుండా బాదం చెట్టు దగ్గరికి మోసుకెళ్లింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఎత్తింది.

 ఇన్నయ్య కూడా కూలబడి దోసిలి పట్టాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

చెట్టు మొదట్లో దోసిలి ఖాళీ చేస్తూ అడిగాడు. "ఎందుకమ్మా అంత కంగారు?"

"ఆ నీళ్లలో ఆయన ఉండిపోయాడేమో బాబూ. మురిక్కాలవలో ఎలా వదిలేస్తాం?"

"మరి నిన్న అడిగితే తెలీదన్నావు!"

నాంచారమ్మ తెల్లబోయి చూసింది. "నిన్న మీరు అడిగింది ఈయన గురించేనా?"

మంచులో ఎక్కడో పిట్ట కూసింది. వరండాలో రాయప్ప ఫాదర్‌గారు నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి ఉన్నారో.

"ఫాదర్, ఈమెకి నేనింకా ఏం నేర్పాలి?" అన్నాడు ఇన్నయ్య.

ఆయన పూజ వేళైందని లోపలికి వెళ్లిపోయారు.

ఇన్నయ్య నాంచారమ్మ వైపు తిరిగాడు. "జ్ఞానస్నానానికి ఏ పేరు పెట్టమంటావమ్మా?"

ఆమె కళ్లు నిండిపోయాయి. పళ్లెం పక్కనున్న చెంబు అందుకుంది. "ముందు ఇలా రండి బాబూ. ఆ చేతులు కొళాయి కింద కడిగేసేరు, వాటికీ ఆయన అంటుకునుంటాడు."

బాదం చెట్టు మొదట్లో ఇన్నయ్య మోకరించి చేతులు చాపాడు. నాంచారమ్మ పైనుంచి నీళ్లు పోసింది.